కారుతున్న కారు

మా ఆవిడకు 2021 నుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్ జరుగుతున్నది. సోమ, బుధ, శుక్రవారాలు. మేముండేది రామచంద్రపురంలో, ఆసుపత్రి కాకినాడలో. ఉదయం 6 గంటల జట్టులో ఆవిడ పడక. ఆ వేళకు అక్కడ ఉండాలంటే 5 గంటలకల్లా మా గుమ్మంలోనుంచి కారు కదలాలి. వెళ్ళగానే బరువు చూస్తారు, రక్తపోటు చూస్తారు, సూదులు గుచ్చుతారు, ఆ పైన నాలుగు గంటలు యంత్రం. జట్టు తప్పితే ఆ పడక ఇంకొకరికి పోతుంది. మధ్యాహ్నం ఎక్కడైనా ఖాళీ ఏర్పడితే పిలుస్తారు, లేకపోతే మరునాటికి. శుక్రవారానికీ సోమవారానికీ నడుమ ఎడం ఎటూ ఎక్కువే. అది ఇంకొక పూట సాగిందంటే కాళ్ళు వాస్తాయి, పడుకొంటే ఊపిరి అందదు.

కారు బ్యాటరీ గురించి రాయబోతూ ఈ కథంతా ఎందుకని చదువరులు అనుకోవచ్చు. బ్యాటరీ దిగిపోవడం చాలామందికి చికాకు. ఆఫీసుకు ఆలస్యమవుతుంది, పెళ్ళికి ఆలస్యమవుతుంది. మాకు అది అంతటితో పోయేది కాదు. అందుకే 2022లో పది నెలలపాటు నేను, 2018లో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి, వోల్టులూ ఆంపియర్లూ నేర్చుకొన్నాను. ఆ నేర్చిన ముక్కలు ఇంకెవరికైనా పనికివస్తాయేమోనని ఇది రాస్తున్నాను.

మాది 2011లో కొన్న చిన్న పెట్రోలు కారు. తయారుచేసినవారి పేరు ఇక్కడ అనవసరం, వారి తప్పు ఇందులో ఏమీ లేదు. 2022 సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి అందులో కొత్త పాటలపెట్టె పెట్టించాడు. వెనుక సీటు కింద ఒక ఆంప్లిఫయరు, తలుపుల్లో మంచి స్పీకర్లు. అమ్మ వారానికి ఆరుసార్లు ఆ దారి వెంట పోయిరావాలి కదా, లీల పాటలు వింటూ వెళుతుందని వాడి ఉద్దేశం. ఆవిడకు లీల గొంతంటే ప్రాణం. తెల్లవారుజామున ద్రాక్షారామం దాటుతూండగా ఆ గొంతు వినిపిస్తూంటే, వెళుతున్నది ఎక్కడికో కాసేపు మరచిపోతాము.

మార్చిలో ఒక సోమవారం తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్కు. అద్దం ముందరి దీపాలు ఒకసారి మిణికి ఆరిపోయాయి. ఎదురింటి అబ్బాయినీ, పాలు పోసే ఆయననూ పిలిచాను. రెండో గేరులో పెట్టి తోశారు. ఆనాడు కారు లేచింది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. పాత కార్లు బ్యాటరీ ఎంత చచ్చినా తోస్తే లేచేవి. ఇప్పటి కార్లలో పెట్రోలును పంపే పంపుకు కరెంటు కావాలి, ఇంజనును నడిపే కంప్యూటరుకు కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా అడుగంటిన రోజున ఊరంతా వచ్చి తోసినా లాభం ఉండదు.

(అన్నట్టు, మనం ‘సెల్ఫ్ కొట్టడం’ అంటాము. ఆ మాట తమాషాగా తయారయింది. సెల్ఫ్ స్టార్టర్‌లో స్టార్టర్ అన్న విశేష్యం జారిపోయి విశేషణం ఒక్కటే మిగిలింది. ‘తనంతట తాను’ అన్న అర్థం గల మాట ఒక మోటారుకు పేరైపోయింది. 1912 నాటి కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ ఈ సదుపాయం అమర్చేదాకా ఇనుప హ్యాండిలు తిప్పడమే గతి. ఇంజను వెనక్కి తన్నితే చేయి విరిగేది. మన అంబాసిడర్లకు సెల్ఫ్ ఉన్నా, ఆపత్కాలానికి డిక్కీలో ఆ హ్యాండిలు ఉండేది. ఇప్పుడది లేదు కనుక మనం పూర్తిగా సెల్ఫ్ మీదనే ఆధారపడ్డ జీవులం.)

బ్యాటరీకి అప్పటికి మూడేళ్ళు దాటింది. మన ఎండలకు అంతకంటె ఎక్కువ కాలం మన్నదని దుకాణదారు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. వేడికి లోపలి పలకలు త్వరగా పాడవుతాయి. కొత్తది వేయించాను. 35 ఆంపియర్ అవర్లది. జూన్‌లో మళ్ళీ సోమవారం, మళ్ళీ టక్కు. దుకాణానికి తీసుకుపోతే రాత్రంతా చార్జింగులో పెట్టి, మరునాడు పరీక్షించి, బ్యాటరీ భేషుగ్గా ఉందన్నారు. నింపిన కుండను చూసి కుండ నిండుగానే ఉందన్నట్టుంది. కారు సరిగా తిప్పడం లేదేమో మేష్టారూ, ఇంట్లో పెట్టి ఉంచేస్తే ఇంతేనండి, అని ఒక సలహా కూడా ఇచ్చారు. వారానికి మూడుసార్లు కాకినాడ పోయివచ్చే కారును పట్టుకొని ఆ మాట అన్నారు! జూలైలో రెండుసార్లు జరిగింది. గ్యారంటీ కార్డు పట్టుకొని మళ్ళీ వెళ్ళాను. పరీక్షలో బాగున్నదానికి మార్పిడి కుదరదన్నారు. నియమం నియమమే.

ఈలోగా ఇంట్లో ఇంకొక చిక్కు మొదలయింది. తెల్లవారుజామున నేను ఇరుగుపొరుగుల తలుపులు తడుతూంటే మా ఆవిడ కారులో తల వంచుకొని కూర్చొనేది. ఎడమచేతికి ఫిస్టులా ఉంది కనుక ఆ చేతిని ఎప్పుడూ ఒడిలో పెట్టుకొనే ఉంటుంది. ఒకనాడు దారిలో పాట ఆపించి, “నా ఒక్కదాని కోసం వీధి వీధంతా నిద్ర లేవాలా?” అన్నది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. “వారానికి రెండుసార్లు చాలదేమో డాక్టరుగారిని అడగండి” అన్నది. ఆ మాటతో నాకు ఒళ్ళు చల్లబడింది. బ్యాటరీ అనేది ఎంత దూరం రాగలదో అప్పుడు తెలిసింది.

టాక్సీ మాట్లాడుకోవచ్చు గదా అంటారేమో. మాట్లాడుకొన్నాము కూడా. 5 గంటలకు వస్తానన్నవాడు అయిదున్నరకు వచ్చిన రోజులున్నాయి, అసలు రాని రోజూ ఉంది. పైగా ఏళ్ళ తరబడి సాగవలసిన వ్యవహారం. పింఛను మీద బ్రతికేవాడికి సొంత కారే దిక్కు.

నలభై మంది పిల్లల హాజరు ముప్ఫై ఏళ్ళు వేసిన చేయి కనుక, ఒక నోటు పుస్తకం తీసి కారుకు కూడా హాజరు వేయడం మొదలుపెట్టాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, సెల్ఫ్ ఎలా తిరిగింది, చురుగ్గానా, ఈడుస్తూనా. ఒక డిజిటల్ మీటరు కొన్నాను. మా ఊళ్ళో ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో దొరికేదే, పెద్ద ఖరీదు కాదు. బ్యాటరీ ధ్రువాల మీద దాని రెండు కొసలూ ఆనిస్తే అంకె చూపిస్తుంది. ఇంజను ఆపి కొన్ని గంటలైన తరువాత 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగువన అంటే దాదాపు అడుగంటినట్టే. 12.6కూ 12కూ మధ్య తేడా చూడడానికి ఎంత స్వల్పం! అందుకే ‘పన్నెండు వోల్టులు ఉన్నాయండీ, బాగానే ఉంది’ అని ఎవరైనా అంటే నమ్మకూడదు. ఇంజను నడుస్తూండగా 14 వోల్టుల చుట్టుపక్కల చూపించాలి. అంటే ఆల్టర్నేటరు పోయవలసినంత పోస్తున్నదని అర్థం. మా కారులో అది నిక్షేపంగా పోస్తూనే ఉంది.

నాకు ముందు ఒక అపోహ ఉండేది, మనలో చాలామందికి ఉన్నదే. బ్యాటరీ అంటే కరెంటు ఊరే నుయ్యి అని. కాదు, అది తొట్టి. పోసినది దాచిపెట్టి అడిగినప్పుడు ఇస్తుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు పలకలు, గంధకామ్లం, ఆ ఏర్పాటే ఇప్పటికీ మన కార్లలో ఉన్నది. రెండేసి వోల్టుల చిల్లర ఇచ్చే గదులు ఆరు వరుసగా ఉంటాయి. మన భౌతికశాస్త్ర వాచకాల్లో ఆ గదిని ‘ఘటం’ అనేవారు. చక్కని మాట. కుండ చిల్లిపడితే ఎంత పోసినా ఏం లాభం?

ఆగస్టులో ముసురు పట్టిన ఒక సోమవారం తోసినా కారు లేవలేదు. టాక్సీ దొరికేసరికి ఆరున్నర. మేము చేరేసరికి ఆవిడ పడక మీద ఇంకెవరో ఉన్నారు. మధ్యాహ్నం 2 గంటలకు చోటు దొరికింది. ఆ ఏడు గంటలూ ఆసుపత్రి వసారాలో కుర్చీలో కూర్చొని ఆవిడ పడ్డ ఆయాసం నేను రాయను.

మరునాడు మా వీధి చివరి షెడ్డునుంచి ఒక కుర్ర మెకానిక్కు వచ్చాడు. బ్యాటరీ చార్జి చేసి తెచ్చి బిగించినా సెల్ఫ్ ఈడుస్తూనే ఉంది. అతను నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి, బానెట్టు కింద చేయి పెట్టి క్లచ్ కేబులు పట్టుకొని చూశాడు. “వేడెక్కిందండీ” అన్నాడు. క్లచ్‌కూ కరెంటుకూ ఏమి సంబంధమని నేను తెల్లబోయాను. సంబంధం ఉందిట. సెల్ఫ్ మోటారుకు వెళ్ళిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. దానికి వేరే తీగ ఉండదు. ఇంజనునుంచి కారు శరీరానికీ, అక్కడినుంచి బ్యాటరీ ఋణధ్రువానికీ ఒక లావుపాటి ఎర్తు పట్టీ ఉంటుంది. (కారు ఒళ్ళంతా ఋణమే. కంతుల మీద కొన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.) ఆ పట్టీ చిలుము పట్టి పాడయితే కరెంటు దారి వెతుక్కొంటుంది, దొరికిన సన్నని తీగ వెంట, అంటే క్లచ్ కేబులు వెంట కూడా పోతుంది. సన్నని దారి కనుక అది కాలుతుంది. మీటరు ఒక కొస బ్యాటరీ ఋణధ్రువం మీద, రెండో కొస ఇంజను లోహం మీద పెట్టి నన్ను తాళం తిప్పమన్నాడు. 1.6 వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా ఉండకూడదన్నాడు.

తరువాత నేను లెక్క వేసుకొన్నాను. చిన్న కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇంచుమించు 150 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఓములో నూరో వంతు నిరోధం అడ్డుపడ్డా ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చవుతుంది. ఇంట్లో బల్బుకు ఆ నిరోధం ఉన్నా తెలియనే తెలియదు. పెద్ద ప్రవాహానికే చిన్న అడ్డు పెద్దదవుతుంది. పట్టీ మార్చి, అది కూర్చొనే చోట రంగు గీకి లోహం బయటపెట్టి బిగించాడు. సెల్ఫ్ కొత్త కారులా తిరిగింది. సముద్రపు గాలి తగిలే మన కోస్తా ఊళ్ళలో ఈ చిలుము సర్వసాధారణమట. ఆ కుర్రవాడికి దక్కవలసిన మెప్పు దక్కాలి.

సెప్టెంబరు, అక్టోబరు ప్రశాంతంగా గడిచాయి. మా ఆవిడ ‘రెండుసార్లు’ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ నా పుస్తకంలో సోమవారాల అంకెలు మాత్రం కలవరపెడుతూనే ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చినప్పుడు బాగుండేది. ఆదివారం రాత్రి చూస్తే 12.1, మరొక వారం 12.0. నవంబరు చివర ఒక సోమవారం, వచ్చింది మళ్ళీ ఆ టక్కు.

ఈసారి కాలవ గట్టు పక్కన రేకుల షెడ్డులో ఉండే సాయిబు గారి దగ్గరకు వెళ్ళాను. అంబాసిడర్ల డైనమోలు విప్పిన కాలంనుంచి ఆ పనిలో ఉన్న మనిషి. నాకంటె నాలుగైదేళ్ళు పెద్ద. నా పుస్తకం అడిగి తీసుకొని కళ్ళజోడు పెట్టుకొని పేజీ పేజీ చదివాడు. ఇన్ని నెలల్లో ఆ పుస్తకాన్ని అడిగిన మొదటి మనిషి ఆయన.

“అన్నీ సోమవారాలేనండీ” అన్నాను.

“బ్యాటరీకి వారం ఏం తెలుసండీ మేష్టారూ, దానికి గంటలు తెలుసు. శుక్రవారం ఎన్నింటికి ఆపుతారు?”

“పన్నెండింటికి.”

“సోమవారం అయిదింటికి తీస్తారు. అరవై అయిదు గంటలు. బుధవారానికయితే నలభై ఒకటి. ఎక్కడో కారుతోందండి.”

కారుతోంది! కారు కారుతోంది. నేను ఉద్యోగంలో ఉన్నట్టయితే ఆ మాటను శ్లేషకు ఉదాహరణగా తరగతిలో చెప్పి ఉండేవాణ్ణి.

ఆ రోజు ఆయన పరీక్షించిన తీరు కొంచెం వివరంగా రాస్తాను. ముందు బ్యాటరీ ఋణధ్రువం తీగ విప్పాడు. విప్పిన తీగకూ ధ్రువానికీ నడుమ మీటరును ఆంపియర్ల గుర్తుమీద పెట్టి వంతెనలా కలిపాడు. కారులోకి పోయే ప్రతి బొట్టూ ఇక మీటరు లోనుంచే పోవాలి. ఈ స్థితిలో పొరపాటున కూడా తాళం తిప్పకూడదు, మీటరు మాడిపోతుంది. తలుపు తెరిచి ఉంటే లోపలి దీపం వెలుగుతుంది కనుక, గొళ్ళాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి తలుపు మూసుకొన్నట్టు కారును నమ్మించాడు. ఆ తరువాత టీ తెప్పించాడు. వెంటనే అంకె చూడకూడదట. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి కొంత వ్యవధి పడుతుంది. పావుగంట, ఒక్కొక్క కారుకు అరగంట. అవి నిద్రపోయాక కూడా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఖర్చు సహజం. గడియారం నడవాలి కదా, తాళాల జ్ఞాపకం ఉండాలి కదా.

మా టీ అయిపోయింది. మీటరు 420 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబడి ఉంది.

అప్పుడు ఫ్యూజులు ఒకటొకటే పీకడం మొదలుపెట్టాడు. ఒకటి పీకడం, అంకె చూడడం, మళ్ళీ పెట్టడం. ఈ పద్ధతి నాకు కొత్త కాదు. వ్యాకరణంలో మాకు అన్వయవ్యతిరేకాలని చెప్పేవారు. అది ఉంటే ఇది ఉండడం అన్వయం, అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. ‘రామునికి’ అన్న పదంలో ‘కి’ తీసి చూడు, ఏ అర్థం పోయిందో అది ‘కి’ తాలూకు అర్థం, ఏది మిగిలిందో అది ‘రాముని’ది. ప్రకృతి ఏమి చెబుతోందో, ప్రత్యయం ఏమి చెబుతోందో తేల్చడానికి పూర్వులకు ఇంతకంటె సాధనం లేదు. సాయిబు గారు నా ఎదుట నిలబడి పీకుతున్నది ప్రత్యయాలనే. హారను ఫ్యూజు తీశాడు, 420. గడియారం తీశాడు, ఏదో పిసరు తగ్గింది, అది సహజం. దీపాలు, వైపరు, ఫ్యాను... పెట్టెలో ఉన్న ఫ్యూజులన్నీ అయిపోయాయి. అంకె చలించలేదు.

నాకు గుండె జారిపోయింది. ఆయనకు మాత్రం ముఖం వికసించింది. “దొరికిందండి” అన్నాడు. ఏం దొరికిందని అడిగాను. “పెట్టెలో లేదని దొరికింది కదండీ.” పరిశేషన్యాయం! ఇవి కావని తేలితే, మిగిలినదే అది. ఫ్యూజు పెట్టెతో నిమిత్తం లేకుండా బ్యాటరీనుంచి సూటిగా పోయేవి కారులో ఎన్నో ఉండవు. సెల్ఫ్ మోటారు ఒకటి. ఆల్టర్నేటరు ఒకటి, దానిలో డయోడు చెడితే రాత్రుళ్ళు కరెంటు వెనక్కి కారుతుందట, అదీ విప్పి చూశాడు. కాదు. ఇక మూడోది, ధనధ్రువం బిగింపు కింద ఒదిగి ఉన్న ఒక సన్నని ఎర్ర తీగ. కంపెనీ వేసినది కాదు, తరువాత ఎవరో వేసినది. దాని నడుమ వేరే చిన్న ఫ్యూజు కూడా ఉంది. ఆ ఫ్యూజు పీకాడు. మీటరు 30కి పడిపోయింది.

తీగ వెంట పోతే అది తివాచీ కిందుగా వెనుక సీటు దాకా పోయింది. సాయిబు గారు సీటు కింద అరచేయి పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. కారు ఆపి గంటన్నర దాటింది. ఆంప్లిఫయరు పెట్టె వెచ్చగా ఉంది.

పాటలు ఆగిపోయినా అది నిద్రపోవడం లేదు. ఆంప్లిఫయరుకు ‘నువ్వు లే, నువ్వు పడుకో’ అని చెప్పే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాన్ని ముందున్న పాటలపెట్టెకు కలపాలి, అప్పుడు రెండూ కలిసి లేచి కలిసి పడుకొంటాయి. పట్నంలో అమర్చిన దుకాణంవారు అంత దూరం తీగ లాగే ఓపిక లేక, ఎప్పుడూ కరెంటు ఉండే ఎర్ర తీగకే దాన్ని ముడివేసి టేపు చుట్టారు. పాటలు వచ్చాయి, డబ్బులు తీసుకొన్నారు. తరువాత బ్యాటరీ విప్పి బిగించిన ప్రతివారూ ఆ ఎర్ర తీగను కూడా విప్పి జాగ్రత్తగా మళ్ళీ అక్కడే బిగించారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

0.42ను 65 గంటలతో గుణిస్తే 27 ఆంపియర్ అవర్లు. మా తొట్టి మొత్తం 35. సోమవారం ఎందుకు లేవదో, బుధవారం ఎందుకు ఈడుస్తూ లేస్తుందో చెప్పడానికి లెక్కల మేష్టారు అక్కరలేదు. రాను పోను గంటన్నర ప్రయాణంలో ఆల్టర్నేటరు ఎంత పోసినా, అడుగంటిన బ్యాటరీ అంత త్వరగా పీల్చుకోలేదు. గటగట తాగదు, చివరి భాగం మరీ నెమ్మది. పైగా బ్యాటరీ ఖాళీ అయినప్పుడల్లా పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకొంటుంది. వెంటనే నింపితే కరిగిపోతుంది, అలాగే వదిలేస్తే గట్టిపడి ఇక కరగదు. అంటే తొట్టి కారడమే కాదు, నెలనెలా చిన్నదవుతోంది కూడా.

తలచుకొంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఇది. ఇందులో ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. మార్చిలో బ్యాటరీ నిజంగానే ముసలిది. ఆగస్టులో ఎర్తు పట్టీ నిజంగానే పాడయింది. నవంబరులో కారుడు నిజం. పట్టీ చెడినన్నాళ్ళూ సగం ఖాళీ అయిన బ్యాటరీ సెల్ఫ్‌ను తిప్పలేకపోయింది. పట్టీ బాగుపడ్డాక అదే సగం బ్యాటరీతో రెండు నెలలు గడిచాయి, రోగం పోయిందనిపించింది. ఒక దోషం తీసిన సుఖం రెండో దోషాన్ని కప్పిపెట్టింది. ఒక లక్షణానికి ఒకే కారణం ఉండాలన్న నియమం తర్కంలోనూ లేదు, కారులోనూ లేదు.

సాయిబు గారు ఆంప్లిఫయరును తీసెయ్యలేదు. “అమ్మగారు పాటలు వింటారు కదండీ” అని, మేకుకు సరిపడా రంధ్రం దొరకబుచ్చుకొని డాష్‌బోర్డు దాకా కొత్త తీగ లాగి, కలపవలసిన చోట కలిపి, టేపు కాకుండా టంకం పెట్టాడు. ఆయన తీసుకొన్నది నేను ఒక్క రోజు టాక్సీకి ఇచ్చేదానికంటె తక్కువ. ఇంకొంచెం తీసుకోమంటే, బ్యాటరీకి వాడండి, ఇది ఇక ఎంతో కాలం రాదు అన్నాడు. అన్నట్టే 2023 జనవరిలో కొత్తది వేయవలసి వచ్చింది. ఆ కొత్తది మూడు వేసవులు చూసింది.

ఆయన చెప్పగా నేను పాటిస్తున్నవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందు ఋణం విప్పాలి, బిగించేటప్పుడు చివర ఋణం బిగించాలి. ఎందుకంటే ఋణం బిగిసి ఉండగా ధనధ్రువం మీది స్పానరు కారు శరీరానికి తగిలితే రవ్వలు ఎగురుతాయి. ధ్రువాల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకొంటే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, బిగించాక పైన వాజలైను రాయాలి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి దిగనివ్వకూడదు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్ళూ నూతి నీళ్ళూ పనికిరావు. పక్క కారునుంచి కేబుళ్ళు కలిపేటప్పుడు చివరి కొసను చచ్చిన బ్యాటరీ ఋణధ్రువానికి కాక, దానికి దూరంగా ఇంజను లోహానికి తగిలించాలి. బ్యాటరీలోనుంచి హైడ్రోజను వాయువు వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, రెండోసారి బ్యాటరీ దిగితే మూడో బ్యాటరీ కొనేలోపల ఎవరిచేతనైనా ఆ మీటరు వంతెన వేయించండి. అరగంట పని, ఒక టీ ఖర్చు.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నేను బానెట్టు ఎత్తి మీటరు పెడతాను. మా ఆవిడ అరుగు మీద కూర్చొని కుడిచేతి వేళ్ళు ఎడమచేతి ఫిస్టులా మీద ఆనించి చూసుకొంటుంది. లోపల రక్తం గరగరమని పోతున్నదో లేదో రోజూ చూసుకోవాలని ఆసుపత్రిలో నేర్పారు. “ఎంత?” అంటుంది. “పన్నెండున్నర” అంటాను. “నాదీ బాగానే ఉంది” అంటుంది.

మా అబ్బాయి వారానికొకసారి ఫోను చేసి, పాటలు బాగా వస్తున్నాయా అమ్మా అని అడుగుతూంటాడు. సాయిబు గారి షెడ్డునుంచి ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పిన నాడే ఆవిడ నాచేత మాట తీసుకొన్నది, ఈ తీగ సంగతి వాడి చెవిన పడకూడదని. తల్లికి హాయిగా ఉంటుందని పెట్టించిన పెట్టె వల్ల తల్లి పడక తప్పిందని తెలిస్తే వాడు తట్టుకోలేడట. నేను ఆ మాట ఇన్నాళ్ళూ నిలుపుకొన్నాను. ఇక్కడ రాయడానికి కూడా ఆవిడ అనుమతి తీసుకొన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఫరవాలేదు, రాయండి, వాడికి తెలుగు చదవడం రాదుగా” అన్నది.